బిందెతో చెప్పిన మాట

తన మునగమొక్కను హజ్రా బీ మేక మేసినప్పటినుంచి రూతమ్మకు ఆమెతో మాటల్లేవు. ఎదురుపడితే ముఖం తిప్పుకునేది. అలాంటిది, ఎనభై ఆరు ఎండాకాలంలో వినుకొండలో వాళ్ళ వీధి కుళాయి దగ్గర వరుస చూసే పెత్తనం ఆడవాళ్ళంతా కలిసి హజ్రా బీకే అప్పగించారు. రూతమ్మకు ఒళ్ళు మండిపోయింది. కానీ నీళ్ళు కావాలి కదా! అందుకని తన బిందెతో మాట్లాడేది.

"మన వంతు ఎప్పుడొచ్చిద్దో అడగవే బిందే!"

"ఇంకో ఇద్దరి తర్వాతని చెప్పవే మీ అమ్మకి," అని హజ్రా బీ కూడా ఆ బిందెకే జవాబిచ్చేది.

ఒకరోజు రూతమ్మ జ్వరంతో లేవలేకపోయింది. ముందురోజు సాయంత్రమే వరుసలో పెట్టొచ్చిన బిందెను ఎవరో పక్కకు నెట్టేసి ఉంటారనుకుంది. ఇంతలో నిండు బిందె చంకనెత్తుకుని హజ్రా బీ లోపలికొచ్చింది.

"చెప్పవే మీ అమ్మకి, పోట్లాట నాతోగానీ కుళాయితో కాదని," అంటూ బిందె దించి వెనుదిరిగింది.

రూతమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒసే బిందే, హజ్రక్కని టీ తాగి పొమ్మనవే."

"పడుకోమనవే మీ అమ్మని. టీ నేనే పెడతా."

"పంచదార పై డబ్బాలో ఉందక్కా," అంది రూతమ్మ, ఆమె ముఖంలోకే చూస్తూ.