కాసులమ్మ కేక

మార్గశిరప్రభాతమున కడలియు నింగియు నొక్క తెల్లని దుప్పటిలో ముసుఁగుదన్ని నిద్రించుచున్నట్లు మంచు దట్టముగాఁ గ్రమ్మి పడవలకు దరి గానరానివేళ, కాకినాడకుఁ జేరువనున్న జాలరిపేటలోఁ జేఁపలమ్ము కాసులమ్మ తీరమున నిలిచి మగని నొక్క కేక వేసెనేని నడిసంద్రమందలి పడవలెల్ల దిక్కెఱిఁగి యొడ్డుఁ జేరెడివఁట. మగని పడవ సంగతి యందఱెఱిఁగినదే. తక్కినవానికిఁ జేఁపలే సాక్షులు.

అట్టి ఘనగర్జితకంఠి యొక శరత్కాలమున మౌనముద్ర దాల్చెను. మగఁడు ఎల్లాజీ వల చింపుకొనివచ్చినను పలుకదాయెను. పొరుగింటి దానయ్య మురిసి "నీ అదురుట్టం పండింది బావా! అక్కకి శాంతం వచ్చేసింది. ఆ మందేదో మా ఇంటిదానిక్కూడా చెప్దూ!" అనెను.

ఎల్లాజీ కొన్నినాళ్లు మీసము దువ్వెను గాని యంతలో నతనికిఁ గూడు సయింపదాయెను. భార్య వెల్లకిలఁ బరుండక గోడకుఁ జేరగిలి కూర్చుండియే నిద్రించుటఁ జూచి శంకించి, పరీక్షింపఁగోరి, యెండఁబెట్టిన వంజరపుముక్కలను గావలెననియే కాకులపాలు చేసెను. ఆమె చేయెత్తి "ఓర్నీ..." అని తక్కిన తిట్టు నాయాసముతో మ్రింగి చతికిలఁబడెను. అది శాంతము గాదు, ఊపిరి చాలమి యని యతఁడప్పు డెఱిఁగి యామెను పట్టణమునకుఁ గొనిపోయెను.

మున్ను కాసులమ్మ ఱొమ్ము క్యాన్సరునకుఁ జికిత్స చేసిన డాక్టరు హైమవతి పరీక్షించి "ఆ పాత జబ్బు వల్లే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆ బరువుకి ఊపిరితిత్తి నలిగిపోతోంది. నీరు తీసేస్తే ఆయాసం తగ్గుతుంది" అనెను.

"జబ్బు కూడా వదిలేత్తాదాండి డాక్టరమ్మగారూ?" అని యెల్లాజీ యడిగెను.

"వదలదు. మందులు వాడాల్సిందే. నీరు మళ్ళీ చేరనూవచ్చు, చేరితే మళ్ళీ తీద్దాం. ఊపిరి మాత్రం ఇవాళే తెచ్చిస్తా."

అంతటఁ గాసులమ్మను బల్లపై మోచేతు లానించి ముందునకు వంగి కూర్చుండఁజేసి, వీపున మొద్దుబాఱుటకు మందు పొడిచి, ప్రక్కటెముకల నడుమ సన్నని గొట్టము చొప్పింపఁగాఁ దేనెవన్నె నీరు సీసాలోనికి మెల్లమెల్లన దిగెను. ఎడఁదలో నింత సంద్రము దాఁగియుండెనా యని యెల్లాజీ నోరు తెఱచెను. నీరు తగ్గినకొలఁది ముడిఁగిన యూపిరితిత్తి గాలి నిండిన తెరచాపవలె విచ్చికొన, నామె దగ్గి దగ్గి తేఱుకొని నిండుగా నొక్క యూపిరి పీల్చెను.

"ఎలా ఉందమ్మా?" అని వైద్యురాలు అడిగెను.

కాసులమ్మ యామెకు బదులీయక మగనివైపు దిరిగి "ఓర్నీ మొకం మండా! వంజరం ముక్కలు కాకులకేత్తావా? ఆటికేవైనా నువ్వు సుట్టానివా?" అనెను.

ఆ ధ్వనికిఁ గిటికీలు కంపించెను. నిద్రించుచున్న కావలివాఁడు లేచి గోడకు సలాము చేసెను. చూరునఁగల కాకులు కాకినాడ విడిచి రాజమండ్రిఁ జేరెనని వదంతి. ఎల్లాజీ కన్నీరు గార్చుచు నవ్వుచు "తిట్టే! ఇంకా తిట్టే!" అని చేతులు జోడించెను.

ఆ యేఁటి మార్గశిరమున కాసులమ్మ మందులు మ్రింగుచు, మఱియొకమాఱు నీరు తీయించుకొనియు, తెల్లవాఱుసరికిఁ దీరమున నిలిచి "వత్తన్నావా, ఊరేగుతున్నావా?" అని యెలుగెత్తెను. ఎటుచూచినను మంచే. దరి యెటనున్నదో తెలియని యెల్లాజీ చిఱునవ్వు నవ్వి పడవముక్కును తిట్లు వచ్చువైపునకుఁ ద్రిప్పెను.