కాటా మీద ఇద్దరు

విత్తనాల కొట్టు తలుపులు తీయడానికి ముందు, ప్రతి ఉదయం, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరి తరువాత ఒకరు కాటా ఎక్కేవారు. ఇప్పుడా అలవాటు లేదు.

అది వాళ్ళ నాన్న పెట్టిన నియమం. కాటా సరిగా తూస్తున్నదో లేదో చూడడానికి ఆయన ఇనుప గుండ్లను నమ్మేవాడు కాదు. తుప్పు పట్టిన గుండు కూడా అబద్ధమాడుతుందని, మనిషి ఒంటి బరువు మాత్రం రాత్రికి రాత్రి మారదని ఆయన వాదన. అక్క యాభై రెండు కిలోలు, తమ్ముడు అరవై ఒకటి. ఆ రెండంకెలూ వచ్చాకనే తలుపులు తెరుచుకునేవి. అక్క ఆ అంకెలను సుద్దముక్కతో తలుపు లోపలివైపు రాసేది.

కొట్టు అక్క చూసుకునేది. తమ్ముడిది ఇళ్ళకు పెంకులు వేసే పని. వేసిన పెంకుల మీద ఒక్కటీ పగలకుండా నడవడం అందరికీ చేతకాదు. పాదం ఎక్కడ మోపాలో తెలిస్తే చాలదు, ఎప్పుడు తీసేయాలో తెలియాలి. పిల్లులు వాడి దగ్గర పాఠం నేర్చుకుంటున్నాయని వీధిలో పరాచికాలాడేవారు.

యుద్ధానికి రమ్మని కాగితం వచ్చింది. వెళ్ళాడు. రెండేళ్ళ తరువాత తిరిగి వచ్చి, మరునాటి ఉదయం అలవాటు ప్రకారం కాటా ఎక్కాడు. ముల్లు నూట ఇరవై ఎనిమిదిన్నర దగ్గర నిలిచింది.

"దిగు," అంది అక్క. తను ఎక్కింది. యాభై రెండు. "మళ్ళీ ఎక్కు."

మళ్ళీ నూట ఇరవై ఎనిమిదిన్నర.

"చూస్తే ఈనెపుల్లలా ఉన్నావు. ఇంత బరువు ఎక్కడ దాచావురా?"

"నాది కాదక్కా. రేడియోది."

రేడియో అంటే వాడి స్నేహితుడు. నోరు మూయకుండా మాట్లాడతాడని దళంలో అందరూ పెట్టిన పేరది. వెనక్కి తగ్గమన్న రోజున అతని పొట్టలో తూటా దిగితే, తమ్ముడు వీపు మీద వేసుకుని రెండు రోజులు కొండల్లో నడిచాడు. మనిషి కొండల్లోనే ఉండిపోయాడు. బరువు మాత్రం దిగలేదు.

అక్క మరేమీ అడగలేదు. తలుపు మీద ఆ అంకె రాసి, "వడ్డించేది మాత్రం ఒక్కడికే, ముందే చెబుతున్నా," అంది.

వీధి కూడా అంతకంటే ఎక్కువ అడగలేదు. వడ్రంగి వచ్చి మంచానికి ఇంకో రెండు కోళ్ళు బిగించి, "ఇప్పుడిది ఇద్దరిని ఆపుతుంది, అటూ ఇటూ దొర్లకండి," అని వెళ్ళాడు. మంగలి తన కుర్చీ కిర్రుమన్నప్పుడు, "ఇద్దరికీ కత్తిరించమంటావా?" అన్నాడు.

"నాకొక్కడికే. వాడికి జుట్టు పెంచుకోవాలని ఉండేది."

"అలాగైతే కాస్త వంగు, వాడికి కత్తెర తగలకూడదు."

కష్టమంతా పెంకుల దగ్గరే వచ్చింది. వచ్చిన వారంలోనే పక్కింటి కప్పు ఎక్కాడు. మూడడుగులు వేశాడు, మూడు పెంకులు పగిలాయి. నిచ్చెన దిగి, పగిలిన ముక్కలన్నీ ఏరి, ఇంటి వాళ్ళకు క్షమాపణ చెప్పి వచ్చేశాడు. ఆ తరువాత నిచ్చెన ముట్టలేదు. కొట్టులో కూర్చుని విత్తనాలను చిన్న చిన్న కాగితపు పొట్లాలు కట్టేవాడు. పొట్లాలు చక్కగానే కట్టేవాడు. కానీ బయట ఎక్కడ పెంకు చప్పుడైనా వాడి తల పైకి లేచేది. అది చూసి అక్క తల దించుకునేది.

ఒకనాడు పాత మేస్త్రీ వచ్చాడు. "సరిహద్దు ఊళ్ళలో ఒక్క ఇంటికీ కప్పు లేదురా. వచ్చే నెల లారీలో వెళుతున్నాం. గోడలు లేపేవాళ్ళు దొరికారు. ఇంటి కప్పు మీద నడిచేవాడు నువ్వు తప్ప నాకెవరున్నారు?"

"నేను ఎక్కితే కప్పు కూలుతుంది మేస్త్రీ గారూ."

మేస్త్రీ వెళ్ళాక అక్క నెమ్మదిగా అంది. "కాసేపు దించి చూడరాదూ?"

వాడు ఆమె మీద గొంతెత్తింది ఆ ఒక్కసారే. "ఒకసారి దించాను. చాలు."

ఆ మధ్యాహ్నం అక్క వాడి సంచిలో వెతికి, రేడియో వాళ్ళ అమ్మ చిరునామా సంపాదించింది. ఉత్తరంలో ఎన్నో రాసి, అన్నీ కొట్టేసి, చివరకు ఒకే వాక్యం ఉంచింది. 'మీ అబ్బాయి బరువు మా ఇంట్లో ఉంది.'

పది రోజులకు ఒక పెద్దావిడ బస్సు దిగి, దారి అడుక్కుంటూ కొట్టుకు వచ్చింది. పొట్టిమనిషి. చేతులు మాత్రం పెద్దవి. నలభై ఏళ్ళుగా తన ఊళ్ళో పురుళ్ళు పోస్తున్న మంత్రసాని ఆవిడ. కొడుకు ఆచూకీ తెలియలేదన్న సర్కారు కాగితం తప్ప, అతను ఏమయ్యాడో చెప్పేది ఆవిడ దగ్గర మరేమీ లేదు.

తమ్ముడు చేతిలోని పొట్లం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ ముఖం చూడగానే ఎవరో తెలిసింది.

"ఎందుకు రాశావక్కా?"

"నన్ను తరువాత తిడుదువుగాని. ముందు ఆవిడకు కుర్చీ వెయ్యి."

ఆవిడ కూర్చోలేదు. "మా వాడు పోయాడా?" అంది.

"పోయాడమ్మా."

"ఎలా?"

వాడు కాటా అంచున కూర్చున్నాడు. ఇంతవరకు ఎవరికీ చెప్పనిది చెప్పాడు. "రెండో రోజు ఒక వాగు కనిపించింది. దాహానికి నా కళ్ళు తిరుగుతున్నాయి. వాడిని ఒక రాయికి ఆనించి కూర్చోబెట్టాను. నీళ్ళు తాగాను. వాడికోసం దోసిట్లో తెచ్చేసరికి..." ఆగాడు. "దించకుండా ఉంటే ఉండేవాడేమో."

ఆవిడ వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. తరువాత అడిగింది. "నువ్వు కడుపునిండా తాగావా?"

"తాగానమ్మా."

"మంచిపని చేశావు. లేకపోతే ఇద్దరూ రాకపోదురు." కొంగుతో ముఖం తుడుచుకుని వాడి వెనక్కి నడిచింది. చేతులు చాచి, ఒకటి వాడి మెడ వెనక, ఒకటి నడుము దగ్గర, గాలిలోనే ఆనించి పట్టింది. కళ్ళు మూసుకుంది. పుట్టిన బిడ్డలను నలభై ఏళ్ళు చేతులతోనే తూచిన మనిషి.

"అరవై ఏడున్నర," అంది. "వెళ్ళేటప్పుడు అరవై ఎనిమిది. అర కిలో తగ్గాడు. తిండి సరిగా పెట్టలేదు వాళ్ళు."

అక్క తలుపు మీది అంకెలు చూసింది. లెక్క సరిపోయింది.

"ఇక ఇలా ఇవ్వు," అంది ఆవిడ.

"వద్దమ్మా. కింద పెడితే పోతాడు."

"కింద పెట్టమని ఎవరన్నారు? మా పనిలో బిడ్డను నేల మీద పెట్టం. ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకే వెళ్ళాలి. నేను పట్టుకున్నానని చెప్పేదాకా నువ్వు వదలకు."

వాడు కూర్చున్నచోటే కొంచెం ముందుకు వంగాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఎవరినో పొదివి పట్టుకున్నట్టు, నెమ్మదిగా పక్కకు తిరిగాడు.

"మెడ జాగ్రత్తమ్మా."

"నాకు చెబుతున్నావా?" అంది ఆవిడ. మొదటిసారి నవ్వింది. తరువాత, "పట్టుకున్నాను," అంది.

వాడు వదిలాడు. ఆవిడ పాదాల కింద కాటా చెక్క కిర్రుమంది.

అక్క గబగబా మంచినీళ్ళు తెచ్చింది. "ఈ వయసులో ఇంత బరువు ఎలా మోస్తారు పెద్దమ్మగారూ?"

"మొదట మోసినదాన్ని నేనే కదమ్మా." గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి అడిగి అదీ తాగింది. తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు పెంకులు వేస్తావని మా వాడు ఉత్తరాల్లో రాసేవాడు. మా పురిటిగది కప్పుకు ఇంత పెద్ద కన్నం పడింది. వానొస్తే బిడ్డ ఏడుస్తోందో, తల్లి ఏడుస్తోందో, కప్పే ఏడుస్తోందో తెలియడం లేదు."

"మీది సరిహద్దు ఊరేనామ్మా?"

"యుద్ధం మా పెరట్లోంచే వెళ్ళింది."

బస్సు దాకా ముగ్గురూ కలిసి నడిచారు. తమ్ముడు ఆవిడ సంచి మోశాడు. ఆవిడ తన బరువు తను మోసుకుంటూ, తొందరపడకుండా, మధ్యమధ్య ఆగుతూ నడిచింది. ఆవిడ ఎక్కగానే బస్సు ఒక పక్కకు ఒరిగింది. డ్రైవరు వెనక్కి చూసి, "ఇద్దరున్నారా? అయితే మధ్య సీట్లో కూర్చోండమ్మా," అన్నాడు.

నెల మొదటి రోజున మేస్త్రీ లారీ వీధి చివర ఆగింది. వెళ్ళినవాడు ఆ కప్పుల మధ్యనే స్థిరపడతాడని, ఏడాదికొక ఉత్తరం, సంచెడు కబుర్లు వస్తాయి తప్ప వాడు రాడని, అక్క ఇనుప గుండ్లు కొనుక్కోవలసి వస్తుందని అప్పటికి ఇద్దరికీ తెలియదు. తమ్ముడు నిచ్చెన భుజాన వేసుకుని గడప దాటబోయాడు.

"ఆగరా. కాటా చూసుకోకుండా కొట్టు ఎలా తీయను?"

అక్క ఎక్కింది. యాభై రెండు.

"నిచ్చెన పక్కన పెట్టి ఎక్కు. దొంగలెక్కలు నా దగ్గర చెల్లవు."

వాడు నవ్వుతూ నిచ్చెన గోడకు ఆనించి ఎక్కాడు. ముల్లు కాసేపు ఊగి, అరవై ఒకటి దగ్గర నిలిచింది. అక్క సుద్దముక్కతో ఆ అంకె రాసి, దాని కింద చిన్న గీత గీసింది. ఆ తరువాత ఒక రెక్క ఆమె, ఇంకో రెక్క వాడు పట్టుకుని, కొట్టు తలుపులు తెరిచారు.