రెండు ఇంటిపేర్ల పైడమ్మ

నేను ఒక పట్టికలో వరుసను. ఇంటర్నెట్టులో ఎవరైనా తెరిచి చూసుకోగల జన్యు మార్పుల పట్టిక అది. నా కథ బొబ్బిలిలో ఒక సంచి సర్దడంతో మొదలవుతుంది. అందులో రెండు చీరలు, రిపోర్టుల కవరు, సున్నుండల డబ్బా.

సంచి పైడమ్మది. తాకితే చాలు, ఆమె ఒళ్లు కమిలిపోయేది. శరీరంలో కణాలను పట్టి ఉంచే అల్లిక ఒకటుంది. రక్తనాళాలకు, గర్భసంచికి బిగువునిచ్చేది అదే. ఆ అల్లికలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ను తయారుచేసే జన్యువులో ఆమెకు ఒక్కచోట మార్పు ఉందని విశాఖలో రక్తం పరీక్షించి చెప్పారు. ఆ మార్పే నేను. పట్టికలో నా పక్కన ఇలా రాశారు: ఒక కుటుంబం, హాని తెలియదు.

చెల్లెలు కనకానికి అప్పుడు నాలుగో నెల.

"అప్పా, నాకూ అదేనేటే?" అని అక్కను అడిగింది.

"హైదరాబాదు డాక్టర్లు సెప్తారు గాని, నువ్వా డబ్బా నొక్కీకు. సున్నుండలు పిండైపోతాయి."

హైదరాబాదు ఆసుపత్రిలో గుమస్తా ఇంటిపేరు అడిగాడు. అమ్మగారిదా, అత్తగారిదా అంది పైడమ్మ. ఏదో ఒకటి చెప్పమన్నాడు. విశాఖలో మజ్జి అని రాయించిన మనిషి ఇక్కడ యడ్ల అని రాయించింది. ఇక్కడి రక్త పరీక్షలోనూ నేనే దొరికాను. ఆసుపత్రులు పేర్లు దాచి, ఇంటిపేరు మొదటి అక్షరం, పుట్టినరోజు మాత్రమే పట్టికకు పంపుతాయి. పట్టికను చూసుకునే డచ్ శాస్త్రవేత్త అనెకె రెండు అక్షరాలు చూసి సంతోషపడింది; రెండో కుటుంబంలోనూ అదే జబ్బుతో కనబడితే, మార్పు హానికరమనడానికి సాక్ష్యం బలపడుతుంది. నా పక్కన కొత్త మాట చేరింది: రెండు కుటుంబాలు, హానికరం.

ఆ మాట చూసి విశాఖ డాక్టర్లు కనకాన్ని పిలిపించారు. ఆమెలోనూ నేను ఉన్నాను. నొప్పులొస్తే గర్భసంచి చిట్లవచ్చని, నెలలు నిండకముందే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కోసి చూస్తే గర్భసంచి తడి కాగితంలా ఉందట. పైడమ్మ పిల్లను చీర కొంగులో పట్టుకుని, "దీనికి ఒకే ఇంటిపేరు సాలు" అందట.

కొన్నాళ్లకు రెండు నమోదుల్లోనూ ఒకే పుట్టినరోజు కనబడి అనెకె ఆసుపత్రులకు ఉత్తరాలు రాసింది. ఇద్దరూ ఒకరేనని తేలింది. క్షమాపణ చెప్పి నన్ను వెనక్కి దిద్దింది: ఒక కుటుంబం; హాని తెలియదు. ఆ పొరపాటు నాలుగు నెలల ముందే దొరికి ఉంటే కనకం ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ గుబులే. తప్పు లెక్కను నమ్మి మంచి పని చేసినవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ఇప్పుడు నా పక్కన మళ్లీ "హానికరం" అని ఉంది. ఈసారి పొరపాటు లేదు. చివరి గడిలో పెద్ద ధమని చిట్లిందని రాశారు.

పైడమ్మ అదే సంచి సర్దుకుని రెండోసారి హైదరాబాదు వెళ్లింది. తిరిగి రాలేదు. ఆ గడిలోని ధమని ఆమెదే: 2019 ఆగస్టు 6, మంగళవారం.