పద్నాలుగో నిమిషం

ఆయన కట్టుడు పళ్ళు చేసేవాడు. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడ తయారుచేయడం, దాని మీద మైనం అద్ది ఒక్కొక్క పన్నూ వరసలో గుచ్చడం, నమలడానికీ నవ్వడానికీ వీలుగా అరగదీసి పంపడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. వీధిలో అందరూ పళ్ళాయన అనే పిలిచేవారు. ఇంటి ముందుగది ఆయన పనిగది. పక్కగదిలో భార్య మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. కొత్తవి కాదు. బిగుతైనవి వదులు చేయడం, వదులైనవి బిగించడం, పాడైన జిప్పులు మార్చడం. రెండు గదుల మధ్య ఉన్నదాన్ని గోడ అనడానికి మొహమాటపడాలి, పలచని చెక్క. అటు చీమ చిటుక్కుమన్నా ఇటు వినబడేది.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆయన ఎవరిదో పైదవడ అరగదీస్తున్నాడు. ఫోన్లో వార్తలు అయిపోయి దానంతటదే ఏదో పాట మొదలైంది. పాటంటే మాటలేమీ లేవు. ఒకావిడ గొంతు, వెనకాల ఒకే ఒక తీగ. ఆపుదామంటే చేతులనిండా ప్లాస్టర్ పొడి. పోనీలే అని ఊరుకున్నాడు. గొంతు మెల్లగా పైకి వెళ్ళింది, దిగింది, మళ్ళీ వెళ్ళింది. అలా మూడుసార్లు ఒకే ఎత్తు దాకా వెళ్ళి వచ్చింది. నాలుగోసారి అక్కడికి చేరబోయి ఆగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత పైకి పోకుండా పక్కనించి, తలవంచుకున్నట్టుగా, కిందికి దిగిపోయింది.

పళ్ళాయన చెయ్యి ఆగిపోయింది. కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారి ప్లాస్టర్ దవడ మీద పడ్డాయి. అందుకోగలిగి కూడా వదులుకోవడమంటే ఇదేననీ, ఇన్నేళ్ళూ తెలియనిదేదో ఇప్పుడు తెలిసిపోయిందనీ అనిపించింది. ఫోన్ చూసుకున్నాడు. అది జరిగింది సరిగ్గా పద్నాలుగో నిమిషంలో. మొత్తం పాట ఇరవై రెండు నిమిషాలు.

నాలుగు రోజులపాటు ఆయన కాలు నేలమీద నిలవలేదు. ఒక డాక్టరు ఫోన్ చేసి, పంపిన పళ్ళలో కోరపన్ను పక్కపన్ను మీదికి ఎక్కిందని చివాట్లు పెడితే చిరునవ్వుతో విన్నాడు. భార్య కూరలో ఉప్పెక్కువైందని తనే ఒప్పుకుంటే, ఈ లోకంలో ఉప్పు ఎంత చిన్న విషయమో ఆమెకు విడమరచి చెప్పాడు. ఐదో రోజున మాత్రం ఆ ప్రశాంతత ఆయనను కుదురుగా కూర్చోనివ్వలేదు. తనకు దొరికింది నలుగురికీ పంచకపోతే పాపమనిపించింది.

ముందు ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ పంపాడు. చుట్టాలకు, డాక్టర్లకు, ప్లాస్టర్ సప్లయి చేసే కంపెనీకి. కళ్ళు మూసుకుని చివరిదాకా వినాలనీ, మధ్యలో లేవకూడదనీ కింద రాశాడు. బావమరిది దగ్గర్నించి పదకొండు సెకన్లలో జవాబు వచ్చింది: "అద్భుతం బావా." దాని వెనక రెండు దణ్ణం పెట్టే బొమ్మలు. ఇరవై రెండు నిమిషాల పాటను పదకొండు సెకన్లలో ఎలా విన్నావని పళ్ళాయన ఫోన్ చేసి నిలదీశాడు. మొదట్లోనే తెలిసిపోయింది బావా, బాగుందని, అన్నాడు బావమరిది. మిగతావాళ్ళు అంత కూడా అనలేదు. ప్లాస్టర్ కంపెనీ నుంచి ఈ నెల ఎన్ని బస్తాలు కావాలని అడుగుతూ జవాబు వచ్చింది.

ఆయనకు కడుపు మండిపోయింది. ప్రశాంతత గురించి పట్టని మనుషుల మీద రోజుకింత చొప్పున కోపం పెంచుకుంటూ వచ్చాడు. చివరికి తన పాటకు తగిన చెవులు ఒక్కచోటే ఉన్నాయని నిశ్చయించుకున్నాడు. అది శ్రోతల బృందం.

శ్రోతల బృందమంటే ఆదివారం నాలుగింటికి లాండ్రీ షాపు పైన గదిలో పళ్ళాయనతో పాటు కలుసుకునే మరో ఏడుగురు. ఆత్మను పైకి లేపే సంగీతం మాత్రమే వినాలన్నది వాళ్ళ నియమం. వారానికొకరు తమకిష్టమైనది తెచ్చి వినిపించాలి. విన్నాక రెండు నిమిషాలు మౌనంగా కూర్చుని, ఎవరికి ఏం కలిగిందో ఒక్కొక్కరే చెప్పాలి. ఏమీ కలగలేదని ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అధ్యక్షుడు రిటైరైన పోస్టుమాస్టరు. ఆయనకు ప్రతివారం వెన్నులోంచి ఒక వెలుగు పైకి పాకేది. ఇన్సూరెన్స్ ఏజెంటుకు కన్నీళ్ళు వచ్చేవి. లైబ్రరీ మేడమ్ మాత్రం పాట మొదలైన మూడో నిమిషానికి తల వాల్చేసేది. దాన్ని అందరూ ధ్యానం అనేవారు. అప్పుడప్పుడు ఆ ధ్యానానికి చిన్న గురక కూడా తోడయ్యేది.

పళ్ళాయన వంతు రావడానికి ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాలూ ఆయన ఇంట్లో సాధన చేశాడు. ఎంత సౌండు పెట్టాలి, స్పీకరు కిటికీ వైపు తిప్పాలా తలుపు వైపా అని రోజుకు రెండుసార్లు పాట మొత్తం పెట్టి చూసుకునేవాడు. చెక్కకు అవతల మిషను ఆగకుండా నడుస్తూనే ఉండేది. ఇంత గొప్ప పాట వస్తుంటే జిప్పులు ఎలా కుడుతోందో అని ఆయన భార్యను తలుచుకుని జాలిపడేవాడు. ఒకసారి ఆ మాట ఆమెతోనే అన్నాడు. సాయంత్రానికి ప్యాంటు ఇవ్వాలండీ, అని మాత్రం అందామె.

ఆ ఆదివారం వచ్చింది. పళ్ళాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్పీకరును పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని మెట్లెక్కాడు. ఈ పాట విన్నాక తన జీవితం ముందులా లేదని నాలుగు ముక్కలు చెప్పి మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆయన మూసుకోలేదు. నియమం ప్రకారం అది తప్పే, కానీ పద్నాలుగో నిమిషంలో వాళ్ళ మొహాలు ఎలా మారతాయో చూడాలని ఆశ. ముందుగా చూసింది లైబ్రరీ మేడమ్‌ను. ఆమె నోరు తెరుచుకుని ఉంది. కిందపళ్ళ సెట్టు జారి పెదవి మీదికి వచ్చింది. అది తను చేసిన సెట్టే. మనసు చివుక్కుమంది. ఏజెంటు అరకన్ను తెరిచి, తొడ పక్కన ఫోన్ పెట్టుకుని బొటనవేలితో ఎవరికో ఏదో టైపు చేస్తున్నాడు. కన్నీళ్ళ సమయం ఇంకా కాలేదు కాబోలు. పోస్టుమాస్టరు మోకాలి మీద తాళం వేస్తున్నాడు. ఆ పాటకు తాళమే లేదు. కింద షాపులో బట్టలుతికే మెషీను దడదడా తిరుగుతోంది. ఆయన వేళ్ళు దానితో చక్కగా కలిసిపోయాయి.

పద్నాలుగో నిమిషం వచ్చింది. గొంతు పైకి వెళ్ళింది, ఆగింది, పక్కనించి దిగిపోయింది. ఏడుగురిలో ఒక్కరి రెప్ప కూడా కదల్లేదు. పళ్ళాయన ఒంట్లో రక్తం సలసలా మరిగింది.

మౌనం ముగిశాక పోస్టుమాస్టరు గొంతు సవరించుకున్నాడు. వెలుగు ఈసారి భుజాల దాకా వచ్చిందనీ, ముఖ్యంగా మధ్యలో ఆ డోలు వాయించినతని చేతికి దణ్ణం పెట్టాలనీ అన్నాడు. ఏజెంటు జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. లైబ్రరీ మేడమ్ పళ్ళు సర్దుకుని, తాను చాలా లోతుకు వెళ్ళివచ్చానంది.

"ఈ పాటలో డోలు లేదండీ," అన్నాడు పళ్ళాయన.

పోస్టుమాస్టరు చెయ్యి మోకాలి మీంచి తీశాడు.

"అది కింద బట్టలుతికే మెషీను. పోనీ, పద్నాలుగో నిమిషంలో ఏం జరిగిందో మీలో ఒక్కరు చెప్పండి. ఒక్కరు చాలు."

ఏజెంటు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మనం వచ్చింది పరీక్ష రాయడానికా అని ఒకరు గొణిగారు. తర్వాత మాటా మాటా పెరిగింది. పళ్ళాయన, మీ ధ్యానమంతా కునికిపాటేనన్నాడు. లైబ్రరీ మేడమ్, ముందు నోట్లో నిలిచే పళ్ళు చెయ్యడం నేర్చుకోమంది. ఎన్నో ఆదివారాలుగా వాళ్ళు గొంతు పెంచి మాట్లాడటం ఎరగని గది అది. కింద లాండ్రీ అతను పైకి వచ్చి అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళాడు. చివరికి పోస్టుమాస్టరు లేచి, ఆత్మ పైకి లేవాలంటే ముందు అహంకారం దిగాలని చెప్పి, పళ్ళాయన మూడు వారాలపాటు బృందానికి దూరంగా మౌనం పాటిస్తే మంచిదని తీర్మానం పెట్టాడు. అందరూ చేతులెత్తారు. ఆ సాయంత్రం వాళ్ళందరూ ఒక్కమాట మీద నిలబడింది దాని మీదే.

పళ్ళాయన మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు. భార్య కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో గౌను అంచు విప్పుతోంది. ఆయన స్పీకరు బల్ల మీద పెట్టి జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఈ లోకంలో ఒక్కరికీ చెవుల్లేవనీ, పద్నాలుగో నిమిషంలో ఏం జరుగుతుందో చెప్పగలిగిన మనిషే పుట్టలేదనీ అన్నాడు.

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "ఆవిడకి జలుబు చేసింది."

"ఏమిటి?"

"ఆవిడ మూడుసార్లు పైకి వెళ్ళింది కదా. నాలుగోసారి వెళ్ళబోతే ముక్కు దిబ్బడేసింది. చిన్నగా ఎగబీల్చింది కూడా. ఇంక పైకి గొంతు రాదని తెలిసి పక్కనించి వచ్చేసింది. ఆ తర్వాత చివరిదాకా మళ్ళీ అంత పైకి వెళ్ళనే లేదు, చూడండి. పాపం, ఎలాగోలా లాక్కొచ్చింది."

పళ్ళాయన నవ్వాడు. ఆ నవ్వులో జాలి ఉంది. పాట పెట్టి, ఆమె పొరపాటు ఆమెకే చూపిద్దామని స్పీకరు దగ్గర చెవి పెట్టాడు. పద్నాలుగో నిమిషం వచ్చింది. గొంతు ఆగింది. ఆ ఖాళీలో, ఇన్నాళ్ళూ తను దైవమనుకున్న ఆ ఒక్క క్షణంలో, స్పష్టంగా, తడిగా, ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. మళ్ళీ అదే. మూడోసారి పెట్టబోతే, అరిగిపోతుందండీ, అంది భార్య. ఆయన స్పీకరు ఆపేశాడు. తర్వాత అడిగాడు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని.

"మీరు ఊళ్ళో అందరినీ అడిగారు. నన్నెప్పుడు అడిగారు?" అంది.

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నమాట అన్నట్టుగానే అంది. ఆయన ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడు. ముక్కుదిబ్బడ విని ఏడ్చానా అని ఒకసారి, ఏడ్చింది నిజమే కదా అని ఒకసారి అనుకున్నాడు. రెండింటిలో ఏది పట్టుకోవాలో తేలలేదు. అయితే వారం తిరిగేసరికి ఒక వింత జరిగింది. పాట పెడితే ఇప్పుడు వెలుగులూ వదులుకోవడాలూ కనబడటం మానేశాయి. ఎక్కడో ఒక గదిలో, రికార్డింగు వాయిదా వేయమని అడగలేక, ముక్కు తుడుచుకుంటూ నిలబడిన ఒక మనిషి కనబడేది. ఇంకొక్క ఎనిమిది నిమిషాలు ఎలాగైనా పాడాలని ఆవిడ పడే అవస్థ వినబడేది. ఆయనకు ఆవిడ మీద ఇష్టం పెరిగింది. ఒకరోజు తెలియకుండానే, వేణ్ణీళ్ళు తాగమ్మా, అని పైకే అన్నాడు.

మూడు వారాల మౌనం ముగిశాక ఈ సంగతి బృందానికి చెప్పాలని వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల తన పాటే మోగుతోంది. గదిలో ఏడుగురు కాదు, ఇరవైమంది దాకా ఉన్నారు. ఆయన వెళ్ళిపోయాక ఏజెంటు ఆ పాటను తన పాలసీదారులందరికీ పంపాడట. పద్నాలుగో నిమిషంలో ఒక మహత్తు ఉందనీ, అర్హులకు మాత్రమే తెలుస్తుందనీ కింద రాశాడట. దాంతో అర్హులు ఒక్కుమ్మడిగా తయారయ్యారు. ఒకావిడకు ఆ నిమిషంలో మోకాళ్ళ నొప్పి పోయింది. ఒకాయనకు చనిపోయిన మేనత్త కనిపించి ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో చెప్పింది. పోస్టుమాస్టరుకు వెలుగు నడినెత్తికి చేరింది.

పాట అయ్యాక పళ్ళాయన లోపలికి వెళ్ళి, అది జలుబని చెప్పాడు. మెల్లగా, మర్యాదగా, తన భార్య కనిపెట్టిందని కూడా చెప్పాడు. ఈసారి ఎవరూ కోప్పడలేదు. పోస్టుమాస్టరు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరింకా శరీరం దగ్గరే ఆగిపోయారు," అన్నాడు ఎంతో దయగా. "తొందరేం లేదు. వస్తూ ఉండండి."

ఇరవైమందీ ఆయనవైపు ప్రేమగా చూశారు. మోకాళ్ళ నొప్పి పోయినావిడ కుర్చీ కూడా జరిపింది. ఇంత ప్రేమ తట్టుకోవడం కష్టమనిపించి పళ్ళాయన చెప్పులేసుకుని బయటపడ్డాడు. మెట్ల మీదే, పద్నాలుగో నిమిషం గురించి ఇంక ఎవరికీ ఏమీ పంపకూడదని అనుకున్నాడు. వీధి చివరికి వచ్చేసరికి, బావమరిదికి ఒక్కడికీ చెబితే తప్పేముందని కూడా అనుకున్నాడు. కానీ ఫోన్ తియ్యలేదు.

ఇంటికి వచ్చి ముందుగదిలోకి కాకుండా భార్య గదిలోకి వెళ్ళి, గుండీల డబ్బా పక్కకు జరిపి కూర్చున్నాడు. నీకు ఏ పాట ఇష్టమని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారని అడిగాక తట్టింది. ఆమె ఆశ్చర్యంగా చూసి, మిషను ఆపి, ఫోన్లో ఒకటి వెతికి పెట్టింది. చురుకైన చిన్న పాట. అందులో ఎవరో ఒకామె రైలు తప్పిపోయిందని వాపోతూ, మధ్యమధ్య తనే నవ్వుకుంటుంది. మూడు నిమిషాల్లో అయిపోయింది.

పళ్ళాయన కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. వెన్నులో ఏమీ పాకలేదు. కళ్ళలో చెమ్మ లేదు. బాగుందందామని నోటిదాకా వచ్చి ఆగాడు.

"నాకేం తెలియలేదు," అన్నాడు భయపడుతూ.

"అవునా," అంది ఆమె. దారం తడిచేసి మిషను సూదికి ఎక్కించుకుంది. ఆమె మొహంలో కోపమో, చిన్నబుచ్చుకోవడమో, జాలో ఏదో ఒకటి ఉంటుందని ఆయన పరకాయించి చూశాడు. ఏమీ లేదు. తనకు ప్రాణమైన పాట ఎదుటివాడికి నచ్చకపోతే ఒక మనిషి ఇంత నిమ్మళంగా ఎలా ఉండగలదో ఆయనకు అంతుబట్టలేదు. అడిగేలోపే ఆమె చెయ్యి చాచి, తనకోసం ఆ పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని, చేతిలోని బట్టను సూది కిందికి తోసింది.