నలభై మెట్ల లెక్క

ఆ సందులో మెట్లు ఎన్ని అని నిద్రలో లేపి అడిగినా అందరూ ఒకటే చెబుతారు, నలభై అని. గ్యాసు బండ మోసేవాడు నలభై మెట్లకని బేరమాడతాడు. కొత్తగా కాపురానికొచ్చిన వాళ్లకి సామాను ఎక్కించేటప్పుడు, "నలభయ్యే కదండీ, ఎంతసేపు" అని ధైర్యం చెబుతారు. కింద పెద్ద రోడ్డు, పైన ఆఖరి ఇల్లు. ఆ పైన ఇంకేం లేదు, ఆకాశమే.

ఆ ఆఖరి ఇంట్లో ఉంటుంది కుట్టుపిన్ని. సందులో పెద్దా చిన్నా అందరికీ ఆమె పిన్నే. సరిగ్గా మెట్ల ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క, ఒక్క కుట్టుమిషను పట్టేంత గదిలో పాతికేళ్లుగా బట్టలు కుట్టింది. పోయిన వానాకాలం ఒకనాడు సాయంత్రం షాపు మూసి ఇంటికి ఎక్కుతూ జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ కాలికి మునుపటి ధైర్యం రాలేదు. ఎక్కడం ఎలాగో ఎక్కేస్తుంది. దిగాలంటేనే, కింద మెట్టు చూడగానే మోకాలు వణుకుతుంది. పట్టుకోవడానికి ఏమైనా ఉంటే దిగగలను అనేది. పట్టుకోవడానికి ఆ సందులో నున్నటి గోడలు తప్ప ఏమీ లేవు.

ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉండిపోయింది. గుండీలు, అంచు కుట్లు లాంటి చేతిపని కొంత పైకి తెచ్చిచ్చేవారు. మిషను మాత్రం కిందే ఉంది, పాతకాలపు కాలి మిషను, దాన్ని పైకి మోయడం ఎవరి తరమూ కాదు. ఇక షాపు గది సొంతదారు మంచివాడే, ఎనిమిది నెలలు ఏమీ అనలేదు. చివరికి మొన్న కబురు పెట్టాడు. "పిన్నిగారూ, పక్కన మందుల షాపాయన గది అడుగుతున్నాడు. ఒకటో తారీఖుకి మీరు తెరిస్తే మీదే. లేదంటే ఇచ్చేస్తాను, ఏమీ అనుకోవద్దు."

పిన్ని ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి వేళ ఎక్కడుంది? అప్పటికే సందులో గ్రాంటు కమ్మీ పని మొదలైంది.

ఆ సంగతి చెప్పాలి. వార్డు ఆఫీసువాళ్లు ఏటా వీధుల బాగు కోసమని చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తారు. పెద్ద పనులకి అది ఏ మూలకీ రాదు. పైగా షరతులు. వీధివాళ్లంతా కలిసి అడగాలి, ఒక్క పనే అడగాలి, చాకిరీలో సగం వీధివాళ్లే చేసుకోవాలి. ఈసారి ఏం అడగాలో తేల్చుకోవడానికి అందరూ మెట్ల మీదే కూర్చున్నారు. ఒకరు దీపం అన్నారు, ఒకరు చెత్తడబ్బా అన్నారు. పిన్ని తోటికోడలు పూలకుండీలు అంది. అప్పుడు సందులో అందరికీ పెద్ద అయిన లెక్కల మాస్టారు లేచి, "మీ అందరి ఒంటి మీదా పిన్ని కుట్లే ఉన్నాయి. ఆవిడ దిగాలి. గోడకి ఇనప కమ్మీ వేయిద్దాం" అన్నారు. కాదన్నవాళ్లు లేరు, తోటికోడలు తప్ప.

తోటికోడలంటే పిన్ని భర్తకి అన్నగారి భార్య. ఆమె ఇల్లు మెట్లకి సరిగ్గా సగంలో, మెట్లు మలుపు తిరిగేచోట, రెండు గజాల చదునున్న చోట. సందులో వాళ్లు ఆమెని మలుపింటక్క అంటారు. "నా గుమ్మం ముందు ఇనప కడ్డీ ఏంటి, నేనేమన్నా జైల్లో ఉన్నానా?" అని ఆవిడ ఆ రోజు లేచి వెళ్లిపోయింది.

మాస్టారే అర్జీ నింపారు. సందులోనే ఉండే వెల్డరు ఒక మెట్టు కొలిచాడు, మలుపు కొలిచాడు. మాస్టారు మెట్టుని నలభైతో హెచ్చవేసి, మలుపు కలిపి, కిందో గీత గీసి, ఆ గీత కింద ఇంకో గీత గీసి, సంతకం పెట్టారు. గ్రాంటు వచ్చింది. ఆ లెక్క ప్రకారమే పైపు తెప్పించారు. ముందు పిన్నికి అందాలి కదా అని పై నుంచి మొదలుపెట్టారు. గోడలకి కన్నాలు పొడవడం ఇంటికొకరు చేశారు, సిమెంటు కలపడం ఆడవాళ్లు చేశారు. రోజుకి పది మెట్లు చొప్పున కమ్మీ కిందకి దిగుతోంది, దాని వెంట పిన్నీ దిగుతోంది. మొదటి రోజు పది మెట్లు దిగి, అక్కడే కూర్చుని టీ తాగి, మళ్లీ పైకి ఎక్కింది. ఎనిమిది నెలల తర్వాత మలుపు దాకా వచ్చిన రోజున తోటికోడలు చూసి, "వచ్చావా తల్లీ, కాళ్లొచ్చాయి" అంది. అది పలకరింపో దెప్పో పిన్నికి తెలియలేదు. ఏదైతేనేం, పలికింది చాలు అనుకుంది.

నెలాఖరు ఇంకా మూడు రోజులుండగా పైపు అయిపోయింది. మెట్లు అయిపోలేదు.

వెల్డరు ఆఖరి ముక్క అతికి, ముఖం మీది తొడుగు పైకెత్తి, కిందకి చూశాడు. మళ్లీ చూశాడు. "మాస్టారూ, ఓసారి దిగండి" అని కేకేశాడు.

మాస్టారు దిగారు. కమ్మీ ఆగిన చోట నుంచి రోడ్డుకి ఇంకా మూడు మెట్లున్నాయి.

"నువ్వెక్కడో ఎక్కువ వాడేశావు" అన్నారు మాస్టారు.

"నేను వాడానా? అయితే లెక్కెట్టండి."

మాస్టారు పైకెక్కి లెక్కపెడుతూ దిగారు. నలభై మూడు. మళ్లీ ఎక్కారు. నలభై మూడు. మూడోసారి ఎక్కబోతుంటే వెల్డరు చెయ్యి పట్టి ఆపాడు. "వద్దండీ, మీకేమన్నా అయితే ఇంకో గ్రాంటు కావాలి."

"ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను" అన్నారు మాస్టారు మెట్టు మీద కూలబడి. "ముప్పై ఏళ్లు!"

మలుపింటక్క పై నుంచి కమ్మీకి ఆనుకుని తాపీగా అంది. "ఆ కింది మూడూ మెట్లెక్కడివి? రోడ్డు తవ్వి కిందకి దింపినప్పుడు కంట్రాక్టరు పోసి పోయినవి. నేను కాపురానికొచ్చిన ఏడే పోశాడు. అవి రోడ్డు మెట్లు, మనవి కావు."

నిజమే. ఆ మూడింటినీ ఎవరూ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. సందులో పుట్టిపెరిగిన ప్రతి ఒక్కరూ వాటిని దాటాకే ఒకటి అని మొదలుపెడతారు. మాస్టారూ అంతే. పైగా హడావిడిలో పోసినవేమో, తక్కినవాటికంటే అవే ఎత్తు.

పైపు కొంటే పోదా అంటే, నా తప్పు కాబట్టి నేనే కొంటానని మాస్టారు చొక్కా జేబు మీద చెయ్యి వేశారు. ఆ సైజు ఆర్డరు పెడితే గానీ రాదు, పది రోజులు పడుతుందని వెల్డరు తేల్చేశాడు. ఎవరో తాడు తెచ్చి కమ్మీ చివర నుంచి కరెంటు స్తంభానికి కట్టారు. పిన్ని పట్టుకుని ఒక కాలు దింపింది. తాడు ఊగింది, తాడుతో పిన్నీ ఊగింది. పై నుంచి నలభయ్యో మెట్టు మీదే చతికిలబడింది. ఎదురుగా రోడ్డు దాటితే తన షాపు. షట్టరు మీద దుమ్ము కూడా కనిపిస్తోంది.

అక్కడే కూర్చుని ఆలోచించింది. గుడ్డ చాలకపోతే దర్జీ ఏం చేస్తుంది? ఏడుస్తూ కూర్చోదు. ఎక్కడ మడత ఎక్కువుందో చూస్తుంది. పైకి కనబడనిచోట, లేకపోయినా నష్టం లేనిచోట, అక్కడి నుంచి తీస్తుంది. పిన్ని తలెత్తి కమ్మీ వెంటే చూసుకుంటూ పోయింది. చూపు మలుపు దగ్గర ఆగింది. అక్కడ మెట్లే లేవు, చదును నేల. అక్కడ కమ్మీ ఎందుకు?

ఎందుకో మలుపు దగ్గరికి ఎక్కాక తెలిసింది. కమ్మీ మీద నాలుగు తువ్వాళ్లు ఆరుతున్నాయి. ఒక చివర కొత్తిమీర డబ్బా వేలాడుతోంది. మధ్యలో మోచేతులు ఆనించి మలుపింటక్క రోడ్డు చూస్తోంది.

"అక్కా, ఒక మాట."

"కమ్మీ గురించైతే వద్దు."

"నేనింకా అడగందే!"

"నువ్వు కింద కూర్చుని ఇటు చూసినప్పుడే అనుకున్నా. గుడ్డ కొలిచినట్టు కొలుస్తున్నావు. ఇది నా గుమ్మం ముందుంది, నాది."

"వద్దన్నది నువ్వే కదక్కా? జైలన్నావు."

"అప్పుడన్నా. వాళ్లు విన్నారా? పెట్టారు. పెట్టాక అలవాటైంది. సాయంత్రం పూట కాస్త ఆనుకుని నలుగుర్నీ చూస్తే ప్రాణం లేచొస్తోంది. నీకు మోకాలైతే నాకు నడుం. అయినా నువ్వు తీసుకోవడమే గానీ తిరిగిచ్చిందెప్పుడు? మీ బావగారి చొక్కాకి గుడ్డిస్తే ఒక చెయ్యి పొట్టిగా కుట్టిచ్చావు."

"చొక్కా సరిగ్గానే ఉందక్కా. బావగారి చెయ్యే ఒకటి పొడుగు."

"విన్నారా, మిమ్మల్నే అంటోంది!" అని మలుపింటక్క లోపలికి కేకేసింది. లోపల నుంచి బావగారి నవ్వు వినిపించింది. అది ఆవిడకి ఇంకా కోపం తెప్పించింది.

పిన్ని ఇంకేం అడగలేదు. బతిమాలితే ఇంకా బిగుసుకుంటుందని ముప్పై ఏళ్ల అనుభవం. "సరేలే అక్కా, నా దారి నేను చూసుకుంటా" అని పైకెక్కిపోయింది.

చూసుకుంది కూడా. మర్నాడు పొద్దున్నే, రోడ్డు మీద జనం పనులకి పోయేవేళ, ముతక చీర కట్టుకుని, తాళంచెవి నడుముకి దోపుకుని బయల్దేరింది. కమ్మీ ఉన్నంతవరకూ దొరసానిలా దిగింది. నలభయ్యో మెట్టు మీద కూర్చుంది. తర్వాత అరచేతులు రెండు పక్కలా ఆనించి, చంటిపిల్లలు దిగినట్టు, కూర్చున్నది కూర్చున్నట్టే ఒక మెట్టు జరిగింది. ఇంకోటి జరిగింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తలలు తిప్పారు. మూడోది కూడా జరిగి, రోడ్డు మీద కాళ్లు ఆనించి, గెలిచినట్టు చుట్టూ చూసింది.

లేవబోయింది. పట్టుకోవడానికేమీ లేదు. లేవలేకపోయింది.

పక్కన నిలబడ్డ పెద్దమనిషి జాలిపడి, "చిల్లర లేదమ్మా" అన్నాడు.

పిన్ని నోరు తెరిచేలోపు పై నుంచి గావుకేక వినిపించింది. "ఏమయ్యా! ఎవరనుకున్నావు? మా చెల్లెలు! ఆ ఎదుటి షాపు ఆవిడది!" నడుం నొప్పి ఏమైందో గానీ మలుపింటక్క ఇరవై పైచిలుకు మెట్లు దడదడా దిగొచ్చి, పిన్ని రెండు జబ్బలూ పట్టి ఒక్క ఊపున లేపింది. పెద్దమనిషి వచ్చిన బస్సు ఏదైతే అది ఎక్కేశాడు.

"ఇంటి పరువు రోడ్డు మీద పరిచావు కదే! రోజూ ఇలాగే ఊరేగుతావా?"

"ఇంకో పది రోజులే అక్కా. పైపొచ్చేదాకా."

"పది రోజులు! ఈలోగా ఆ బస్టాపులో అందరికీ మనం ఎవరమో తెలిసిపోద్ది." మలుపింటక్క పిన్ని చీర వెనక దుమ్ము దులిపింది. కావలసిన దానికంటే కాస్త గట్టిగానే దులిపింది. తర్వాత పైకి తిరిగి అరిచింది. "వెల్డరూ! ఒరే నాయనా, లేచావా? ఆ రంపం పట్టుకురా. నా గుమ్మం ముందున్నది కోసి ఈ కింద పడెయ్యి."

"నిజంగానా అక్కా?" అంది పిన్ని.

"ఊరికే కాదు. నీ షాపులో నాకో బల్ల వెయ్యాలి. వెడల్పుది, వీపు ఆనుకునేది. రోడ్డు కనబడే వైపు."

ఆ రోజు మధ్యాహ్నానికి వెల్డరు మలుపు దగ్గరి పైపు కోసి కింద అతికేశాడు. సరిపోగా మూరెడు మిగిలింది. దాన్ని ఆఖరి మెట్టు దాటి రోడ్డు మీదికి కొంచెం వంచి వదిలాడు, చెయ్యి చివరిదాకా ఆనుకునేలా. మలుపు గోడకి నాలుగు కన్నాలు మిగిలాయి. మాస్టారు తనే సిమెంటు కలుపుకొచ్చి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, నాలుగూ పూడ్చారు.

మరుసటి రోజు వార్డు ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. చేతిలో అర్జీ కాగితంతో కింద నుంచి పైకి లెక్కపెడుతూ ఎక్కింది, పై నుంచి కిందకి లెక్కపెడుతూ దిగింది.

"ఇందులో నలభై అని రాశారు" అంది.

మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నలభై మూడండీ. తప్పు నాదే. లెక్కపెట్టకుండా రాశాను."

"మరి మలుపు దగ్గర కమ్మీ లేదేం?"

"అక్కడ పడితే పట్టుకోవడానికి నేనున్నాగా" అంది మలుపింటక్క.

ఇంజనీరమ్మ నవ్వాపుకుని కమ్మీని ఒకటికి నాలుగుచోట్ల గుంజి చూసింది. అది కదలలేదు. కాగితం మీద నలభై కొట్టేసి పక్కన నలభై మూడు అని రాసి సంతకం పెట్టింది. ఆ కొట్టివేత చూసి మాస్టారు కళ్లు పక్కకి తిప్పుకున్నారు.

ఒకటో తారీఖు పొద్దున పిన్ని ఇంట్లోంచి ఒక్కతే దిగింది. ఎవరూ చెయ్యి అందివ్వలేదు, అందివ్వద్దని ముందే చెప్పింది. ఎడమచెయ్యి కమ్మీ మీద, కుడిచేతిలో సంచి. చేతి కింద ఇనుము చల్లగా జారుతూ వచ్చింది. మలుపు దగ్గర రెండు గజాలు ఏ ఆధారమూ లేకుండా నడిచింది, అక్కడ నేల చదునేగా. కింది మూడు మెట్లు తీరిగ్గా దిగింది. మొన్న కూర్చుని జరిగినవి, ఇవాళ నిలబడి దిగినవి. రోడ్డు దాటి షట్టరు ఎత్తింది.

లోపల సాలెగూళ్లు, పాత గుడ్డల వాసన. గది సొంతదారు తలుపు దగ్గరికొచ్చి, "మందులాయనకి చెప్పేశాను పిన్నిగారూ, వేరే చోట చూసుకోమని" అని చెప్పి పోయాడు. పిన్ని మిషను తుడిచి, కన్నాల్లో నూనె చుక్కలు వేసి, చక్రం తిప్పింది. మొదట కీచుమంది. తర్వాత సర్దుకుంది. తొమ్మిదింటికల్లా ఇద్దరొచ్చారు, ఒకరు జిప్పు పోయిన సంచితో, ఒకరు పొడుగైన పంట్లాంతో.

మలుపింటక్క కొత్త బల్ల మీద సర్దుకుని కూర్చుంది. గది అంతా ఒకసారి కలయజూసింది.

"ఇంత చిన్న గదికా ఇంత గొడవ చేశావు?"

"ఇంతకంటే పెద్దది ఎందుకక్కా, మనిద్దరికీ?"

"సరే గానీ, సాయంత్రం ఎక్కేటప్పుడు నేను ముందు నడుస్తా."

"ఎందుకు?"

"నీ వెనక నడిస్తే రేపటికి గానీ ఇల్లు చేరను. మీ బావగారికి వంట ఎవరు చేస్తారు?"

"బావగారే చేసుకుంటారు. ఒక చెయ్యి పొడుగేగా, అన్నీ అందుతాయి."

మలుపింటక్క కోప్పడాలని చూసింది. నవ్వు ముందొచ్చేసింది. పిన్ని దారం కొస తడిచేసి మిషను సూదిలోకి గురిపెట్టింది. మిషను ముట్టి ఎనిమిది నెలలైంది కదా, మొదటిసారి తప్పింది. రెండోసారికి ఎక్కింది.