ఊఁ అన్నానట

అంట్లు తోముతున్నప్పుడు నా వెనక ఎవరు ఏం మాట్లాడినా ఊఁ అంటాను. కుళాయి ధారగా పడుతుంటుంది, పొయ్యి మీది ఫ్యాను రొద పెడుతుంటుంది, మాటలు సగం వినపడతాయి, సగం పడవు. ప్రతిసారీ "ఏమన్నారు?" అని తిరిగి అడిగితే "నీకేమైనా చెవుడా?" అంటారు. ఊఁ అంటే ఎవరూ ఏమీ అనరు. అత్తగారు వేడినీళ్లు కావాలన్నా ఊఁ, అమ్మాయి రేపు బడికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంచమన్నా ఊఁ, ఆయన వంటింటి గుమ్మానికి ఆనుకుని ఆఫీసు సంగతులు చెప్పినా ఊఁ. ఈ సంసారంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట అదేనేమో. నిజానికి అది మాట కూడా కాదు.

దాని మీద ముప్పై అంతస్తులు కట్టబోతున్నారని ఆ రోజు పొద్దున దాకా నాకు తెలియదు.

బాల్కనీలో తడి దుప్పటి ఆరేస్తున్నాను. సైట్ ఇంజనీరు ఫోన్ చేశాడు.

"మేడమ్, రేపు పొద్దున లాబీ పైన స్లాబు వేసేద్దామనుకుంటున్నాం. మీరు తీసేయమన్న పిల్లర్ చువ్వలు నేలమట్టానికి కోయించేశాం. మీరొకసారి సరేనంటే కాంక్రీటుకి చెప్పేస్తాను."

"నేను తీసేయమన్న పిల్లరా?"

"అదే మేడమ్, నడిమధ్యది. కొత్త డ్రాయింగులో లేదుగా. కింద మీ సంతకమే ఉంది."

దుప్పటి చేతిలోంచి జారి కింది ఇంటివాళ్ల మొక్కల మీద పడింది.

ఆయన ఆర్కిటెక్టు. మేడ ఎలా కనిపించాలో ఆయన గీస్తారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని, అది పడిపోకుండా ఎలా నిలబడాలో లెక్క కడతాను. మా అత్తగారు చుట్టాలకు "మా వాడు మేడలు కడతాడు, కోడలు లెక్కలు చూసుకుంటుంది" అని చెబుతుంటారు. అందుకని పెళ్లిళ్లలో నన్ను పక్కకి పిలిచి ఇన్‌కమ్ టాక్సు సందేహాలు అడుగుతారు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు తెలిసిన మటుకు జవాబులు కూడా చెప్పేస్తున్నాను. జీతం మాట ఒకసారి ఎత్తితే ఆయన ఆశ్చర్యపోయారు. "ఇంటి మనిషికి జీతమేంటోయ్, వింటే నవ్విపోతారు" అన్నారు. అప్పుడూ ఊఁ అన్నట్టే గుర్తు.

పెళ్లికి ముందు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని గీసేవాళ్లం. అప్పుడు ఆయన ఆయన కాదు, నువ్వు. "ఇక్కడ గోడ వద్దు, గాలి బరువంతా మెట్ల గదికి అప్పజెప్పు" అని నేనంటే, మెట్ల గది చుట్టూ ఇల్లంతా మళ్లీ అల్లేవాడు. అందం ఎక్కడ ఆగిందో బలం ఎక్కడ మొదలైందో చూసేవాళ్లకి తెలిసేది కాదు. మేడ పుట్టాల్సింది అలాగే. బొమ్మంతా గీసేసి, చివర్లో ఎముకలు దూర్చమంటే ఎక్కడ దూరుస్తాం? పెళ్లయిన వారానికి అత్తగారు "నలుగురిలో మొగుణ్ణి నువ్వంటే బాగుండదమ్మా" అన్నారు. మీరు అనడం మొదలుపెట్టాను. మీరు అన్నాక ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఎందుకో కుదరలేదు. ఆయనకి అద్దాల గది వచ్చింది. నాకు వంటింటి పక్కన, ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య, ఒక కంప్యూటర్ వచ్చింది. "ఇల్లూ చూసుకున్నట్టుంటుంది" అన్నారు.

నా వృత్తి భయపడటం. గాలి ఇటునుంచి తోస్తే ఎలా, నేల కదిలితే ఎలా, పై అంతస్తులో అందరూ ఒకేసారి ఒక మూలకి పరిగెడితే ఎలా అని నేను ముందే భయపడి ఉంచితే, ఆ తర్వాత అక్కడ ఎవరూ భయపడక్కర్లేదు. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు పిల్లర్లు వెతుక్కుంటాయి. ఏది ఎక్కడ నేలకి దిగుతోందో తేలిన తర్వాతే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. "దీనికి పిరికితనమెక్కువ" అని ఆయన నలుగురిలో నవ్వుతారు. మా అన్నంకూర ఆ పిరికితనం మీదే ఉడుకుతోందని ఎవరూ అనరు.

ఆ నడిమధ్య పిల్లర్ గొడవ కొత్తది కాదు. గుమ్మంలోకి రాగానే ఎదురుగా నిలబడుతుందని, కార్లు తిరగడానికి అడ్డమని బిల్డరు గోల. అది నిజమే. అందుకే మొదట్లోనే ఒక బొమ్మ గీసి ఇచ్చాను. పైనుంచి దిగిన పిల్లర్‌ని మొదటి అంతస్తు దగ్గర రెండుగా చీల్చి, రెండు ఏటవాలు కాళ్లుగా నేలకి దించి, ఆ కాళ్లు జారిపోకుండా నేల లోపల ఒక కట్టు కట్టాను. ఆ రెండింటి మధ్యలోంచే గుమ్మం. బరువు మోసేదే వచ్చినవాళ్లకి ద్వారం అయ్యేది. రెండు రాత్రులు నిద్ర మాని గీశాను. ఆయన అద్దాల గదిలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటోయ్, ఎవత్తో కాళ్లు బారజాపుకుని కూర్చున్నట్టుంది" అన్నారు. డ్రాఫ్ట్స్‌మన్లు తలలు వంచుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే "నీకు జోకు కూడా అర్థం కాదు" అంటారని. చీర కుచ్చిళ్లు సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

దుప్పటి మొక్కల మీదే వదిలేసి ఆఫీసుకి వెళ్లాను. డ్రాఫ్ట్స్‌మన్ తెర మీద కొత్త డ్రాయింగు తెరిచాడు. కింద నేలమాళిగలో పిల్లర్ ఉంది. పైన మొదటి అంతస్తు నుంచీ ఉంది. మధ్యలో లాబీలో లేదు. తల ఉంది, కాళ్లున్నాయి, నడుము లేదు. ముప్పై అంతస్తుల బరువు తెచ్చి ఒక మామూలు బీము నడినెత్తిన కూర్చోబెట్టారు. తన అంతస్తు మోయడానికి పుట్టిన బీము అది. కింద, నా పాత డ్రాయింగులోంచి తెచ్చి అతికించిన నా సంతకం.

"ఎవరు మార్చమన్నారు?"

"సారు." అతను కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "మీకు ఇంట్లో చెప్పానన్నారు మేడమ్. మీరు ఊఁ అన్నారట."

ఏ రోజు? ఏ గిన్నె తోముతున్నప్పుడు? వెతుక్కున్నాను. ఒక సాయంత్రం గుర్తొచ్చింది. కుక్కరు కూస్తోంది, హాల్లోంచి అత్తగారు ఏదో అడుగుతున్నారు, అమ్మాయి లెక్క రావట్లేదని ఏడుస్తోంది, గుమ్మంలో ఆయన గొంతు. నేను మూడు ఊఁలు అన్నాను. వాటిలో ఏది ఎవరికి చెందిందో నాకు తెలియదు. ఒకటి వేడినీళ్లకి, ఒకటి లెక్కకి, ఒకటి పిల్లర్‌కి.

అక్కడే, ఆ కుర్చీ వెనక నిలబడే, ఇంకో సంగతి తట్టింది. ఆఫీసులో అడిగితే నేను కాగితం తీసి లెక్క చూపిస్తాను. భోజనాల దగ్గర అడిగితే ఎందుకని అడుగుతాను. అందుకే కష్టమైన మాటలన్నీ ఈయన అంట్ల వేళకి దాచిపెట్టుకుంటారు. ఆఫీసు బోర్డు మీంచి నా పేరు తీసినప్పుడు, "చెప్పాగా, ఊఁ అన్నావుగా" అన్నారు. మా అమ్మ ఆపరేషనుకి నేను వెళ్లకుండా ఆగిపోయినప్పుడూ అదే. నాది మతిమరుపనుకున్నాను. బాదం పప్పులు నానబెట్టుకుని తిన్నాను కూడా.

అద్దాల గదిలోకి వెళ్లాను. ఆయన ఫోన్లో ఉన్నారు. చెయ్యెత్తి ఆగమన్నారు. ఆగాను. అయ్యాక చెప్పాను.

"అక్కడ ఆ బీము చాలదండీ. మనిషెత్తు బీము కావాలి."

"మనిషెత్తా? లాబీనా, గుహనా? ఇంకో నాలుగు చువ్వలు ఎక్కువ వెయ్యి."

"చువ్వలతో అయ్యే పని కాదు."

"నీకన్నీ భయాలే. ఇప్పుడు పడిపోతుందా ఏంటి?"

ఇప్పుడు పడదు. నా భయమంతా అదే. రేపు కాంక్రీటు పోస్తారు, గట్టిపడుతుంది, రాయిలా ఉంటుంది. పది అంతస్తులు లేస్తాయి, ఏమీ కాదు. రంగులు వేస్తారు, దీపాలు పెడతారు. జనం వస్తారు, వాళ్లతో బీరువాలు, మంచాలు, నీళ్ల ట్యాంకులు వస్తాయి. అప్పుడు ఒక రోజు బీము అడుగున వెంట్రుకంత బీట కనిపిస్తుంది. ఎవడో సిమెంటు పూసి మూసేస్తాడు. ఆ బీట ఏ వంటింట్లో మొదలైందో ఎవరికీ తెలియదు. కిందటి నెల నమూనా ఫ్లాట్‌లో ఒక గర్భిణి, ఉయ్యాల ఎక్కడ పడుతుందోనని అడుగులో అడుగు వేసి కొలుచుకుంటోంది. నన్ను అక్కడ పనిచేసే మనిషి అనుకుని "కిటికీ దగ్గర పెడితే గాలి ఎక్కువవుతుందా అక్కా?" అని అడిగింది. కాదమ్మా, అక్కడ బాగుంటుంది అన్నాను.

"నువ్వు కాకపోతే ఇంకొకడు సంతకం పెడతాడు" అన్నారు ఆయన, ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంటూ. "ఇంటికి పద. మాట్లాడదాం."

ఆయన కొట్టరు, తిట్టరు. మాట్లాడటం మానేస్తారు. వడ్డించిన కంచం చేత్తో కొంచెం ముందుకి నెట్టి లేస్తారు. ఇల్లు మొత్తం ఊపిరి బిగబట్టుకుంటుంది. అమ్మాయి కాలివేళ్ల మీద నడుస్తుంది. అత్తగారు నాలుగోసారికి "ఏదో ఒకటి నువ్వే ఒప్పుకోరాదూ, వాడు తిండి తినట్లేదు" అంటారు. ఆ మౌనం నా మీద ఎంత బరువు పెడుతుందో నాకు లెక్క తెలుసు. ఇన్నేళ్లూ నేను దానికే వంగాను.

సాయంత్రం భోజనాలయ్యాయి. సింకు నిండా గిన్నెలు. కుళాయి తిప్పాను, ఫ్యాను వేశాను. వెనక గుమ్మంలో అడుగుల చప్పుడు. వస్తారని తెలుసు.

"రేపటి స్లాబు ఆపితే బిల్డరు మనల్ని మారుస్తాడు. ఇల్లు, అమ్మాయి చదువు, అమ్మ మందులు, అన్నీ ఈ పని మీదే ఉన్నాయి. ఇప్పటికి కానీ. తర్వాత చూద్దాం, సరేనా?"

మామూలుగానే అన్నారు. నేను కడాయి అడుగు తోముతున్నాను. గొంతు దాకా వచ్చింది ఊఁ. అలవాటు పడ్డ గొంతు, దానంతటదే తెరుచుకుంటుంది. మింగేశాను.

ఆయన ఫోన్ తీసి సైట్ ఇంజనీరుకి కలిపి, పెద్దగా వినపడేలా పెట్టారు. "ఆఁ, మేడమ్ ఇక్కడే ఉన్నారు. సరేనన్నారు. కావాలంటే నువ్వే విను." ఫోన్ నా చెంప దగ్గరికి చాపారు. అందులోంచి స్లాబు కోసం బిగిస్తున్న సెంట్రింగ్ చెక్కల మీద సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. హాల్లో అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

"మేడమ్, కాంక్రీటుకి చెప్పేయమంటారా?"

"ఊహూఁ" అన్నాను.

"వినపడలేదు మేడమ్. ఊఁ అన్నారా?"

ఆయన నవ్వుముఖంతో నన్నే చూస్తున్నారు. కళ్లు మాత్రం నవ్వడం లేదు. ఫోన్ వెనక్కి లాక్కోబోయారు. సబ్బు చేత్తోనే పట్టుకున్నాను. జారిపోతుందేమోనని రెండో చెయ్యి కూడా వేశాను.

"పొయ్యొద్దు. ఆ డ్రాయింగు నాది కాదు, అందులో ఉన్న సంతకం నేను పెట్టలేదు. ఇదే మాట ఇప్పుడు బిల్డరుకీ చెబుతాను. పొద్దున వచ్చి ఆ కోసిన చువ్వలు చూస్తాను. ఇంకో సంగతి, నేను ఇంట్లో అన్నానని ఎవరు చెప్పినా లెక్కలోకి తీసుకోవద్దు."

అటువైపు సుత్తి ఆగింది. "సరే మేడమ్" అన్నాడు. అతని గొంతులో బరువు దిగినట్టనిపించింది. అది నా భ్రమే కావచ్చు.

ఫోన్ గట్టు మీద పెట్టాను. భయం తగ్గలేదు. సింకు అంచు పట్టుకుని నిలబడ్డాను. వెనక ఆయన ఏదో అంటున్నారు. గొంతు పెద్దది కాదు, మామూలుగా అంట్ల వేళ మాట్లాడే గొంతే, నీళ్ల చప్పుడులో సగం కలిసిపోయే గొంతే. హాల్లోంచి అత్తగారి చెప్పుల చప్పుడు వంటింటి వైపు వస్తోంది.

ఫ్యాను ఆపాను. కుళాయి కట్టేశాను. చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగాను.

"ఇప్పుడు చెప్పు. నువ్వేమన్నావో నాకు వినపడలేదు."