వంటింటి దర్వాజకు అడ్డచెక్క

మొన్న రాత్రి రెండు చేతులతో అన్నం గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బయటికొస్తుంటే మళ్లీ తగిలింది. నెత్తి మీద, ఎప్పటి చోటే. గిన్నె మాత్రం వదల్లేదు. వదిలితే తల సంగతి ఎవరూ అడగరు, అన్నం సంగతి అడుగుతారు.

"జర సూసుకొని నడువరాదు గోపికా?" అంది మా అత్తమ్మ కృష్ణమ్మ, కంచం ముందు కూర్చుని.

మా ఆయన భాస్కర్ ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "ఏం గాదు తీయ్ అమ్మా. గా నెత్తిల ఏమన్న ఉంటే గద చెడేది!"

ఒళ్లు మండిపోయింది. అయినా అన్నం వడ్డించాను.

నాలుగేళ్ల కింద, కోదాడ దగ్గరి చిలుకూరులో మా ఇంటికి వాస్తు చూడ్డానికి ఒకాయన వచ్చాడు. వంటింటి దర్వాజ పూజగది దర్వాజ కన్నా ఎత్తుగా ఉందట. అట్లా ఉంటే ఆడమనిషి పెత్తనం పెరిగి ఇంట్లో లక్ష్మి నిలవదట. మర్నాడే దర్వాజ పైభాగాన జానెడు టేకు చెక్క అడ్డంగా బిగించారు. అత్తమ్మ పొట్టి, ఆమెకు తగలదు. ఆయన వంటింట్లోకే రాడు, ఆయనకూ తగలదు. నేను పొడుగు. పెళ్లిచూపుల్లో "తాడిచెట్టు లెక్కుంది పిల్ల" అని నవ్వింది కూడా వీళ్లే. చెక్క బిగించిన వారానికి పొలంలో బోరుకు నీళ్లు పడ్డాయి. మూడు ఎండిపోయాక వేసిన నాలుగో బోరు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగాయి. ఇక ఆ చెక్క తీయండి అంటే బోరు పూడ్చండి అన్నంత కోపం వాళ్లకు.

"వంగి పోతె ఏం పోతది? మేం వంగలేదా?" అంటుంది అత్తమ్మ. వంగుతూనే ఉన్నాను. రోజుకు నలభై సార్లు ఆ దర్వాజ దాటుతాను, ముప్పైతొమ్మిది సార్లు గుర్తుపెట్టుకుని వంగుతాను. చేతిలో కాలే పప్పుగిన్నె, వెనక పొంగుతున్న పాలు, ముందు నుంచి "నీళ్లేవి?" అన్న కేక, ఆ ఒక్కసారి మర్చిపోతాను. రక్తం రాదు. కళ్లు ఒక్క క్షణం బైర్లు కమ్ముతాయి, గోడ పట్టుకుని నిలబడతాను, మళ్లీ పనిలో పడతాను.

ఈ ఏడాదిగా నేను నాకే కొత్తగా ఉన్నాను. ట్యూబులైటు వెలుగు కళ్లలో గుచ్చుతోంది. నిద్ర పట్టదు. మిక్సీ మోతకు ఏడుపొస్తుంది. పెన్సిల్ ఎక్కడుందని అడిగిన పాపానికి మా వర్షిణి మీద గిన్నె విసరబోయాను. "మమ్మీ, నువ్వు ముందు గిట్ల లేకుంటివి" అంది పిల్ల. అత్తమ్మ దృష్టిలో ఇది పని ఎగ్గొట్టే తలనొప్పి. ఆయన మాటల్లో "ముందటి సందే మతిమరుపు." ఏ ముందటి సంది? కోదాడలో మందుల షాపులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తీసేదాన్ని.

పోయిన వారం, గొర్రెలు కాసే గట్టయ్య తాతకు బీపీ గోలీలు రెట్టింపు డోసువి ఇచ్చాను. చదువురాని ఆ తాతే పట్టుకున్నాడు.

"బిడ్డా, నా గోలి తెల్లగుంటది గద. గిది గులాబిగుందేంది?"

గోలీలు గబుక్కున వెనక్కి తీసుకున్నాను. ఓనరు జోసెఫ్ గారు మంచివాడే, కానీ ఆ రోజు కఠినంగానే అన్నాడు. "ప్రాణాలతో పనమ్మా ఇది. డాక్టరుకు చూపించుకుని, బాగైతేనే మళ్లీ కౌంటరు మీదికి రా." నాదంటూ ఉన్నది ఆ కౌంటరు ఒక్కటే.

నిన్న సూర్యాపేట పోయాం. డాక్టరమ్మ అన్నీ అడిగి, స్కాన్ తీయించింది. స్కాన్‌లో ఏమీ లేదు.

"సూసినవా? ఏం లేదంట!" ఆయన ముఖం వెలిగిపోయింది.

"స్కాన్‌లో కనపడకపోతే ఏం లేదని కాదండీ" అంది ఆమె. "దెబ్బ చిన్నదే కావచ్చు. అది మానకముందే ఇంకోటి, దాని మీద ఇంకోటి పడితే మెదడు ఎప్పుడు తేరుకుంటది? ఈ మరుపు, ఈ చిరాకు అందుకే. నెల రోజులు వంటపని, మోత వద్దు. బాగా నిద్రపోవాలి. ఇంకో దెబ్బ మాత్రం తగలొద్దు."

తిరుగు బస్సులో ఆయన అన్నది ఒక్కటే మాట. "చెక్క తీస్తే బోరు పోతది. నువ్వే జర వంగు."

ఈ పొద్దున తల పగిలిపోతుంటే నేను లేవలేదు. అత్తమ్మ పాలకేంద్రంలో పాలు పోయడానికి పోయింది. ఫోను చూసుకుంటూ, చాయ్ కోసం ఆయన మొదటిసారి వంటింటి వైపు నడిచాడు. ఠప్పుమని చప్పుడు. వెంటనే "అవ్వో!" అని అరుపు. "ఎవడు పెట్టిండ్రా గీ చెక్కను ఈడ!"

పెట్టించింది తనే. అత్తమ్మ వచ్చి కొడుకు తల ఒళ్లో పెట్టుకుని ఒకటే ఏడుపు. పది గంటలకల్లా కార్పెంటర్ లచ్చయ్య వచ్చాడు, పది నిమిషాల్లో చెక్క ఊడదీసి పోయాడు. బోరు మాట ఎవరూ ఎత్తలేదు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటే ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. నాలుగేళ్లుగా తగిలింది నా తలే కదా.

నెత్తికి తడిగుడ్డ చుట్టుకుని ఆయన నా మంచం దగ్గరికొచ్చాడు. "తీపిచ్చిన గద, ఇగ ఖుషీయేనా? లేసి ఇంత వంట జెయ్యి."

దుప్పటి మెడదాకా లాక్కున్నాను.

"నెల దాంక నేను లేవ. దర్వాజ ఇప్పుడు మీకు సరిపోయేంత ఎత్తుంది. లోపల్కి పోయి మీరే వండున్రి."